ష్మిటా

ష్మిటా అనగా యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ఇజ్రాయేలు దేశపు భూమికి ఏడేళ్ళకొకసారి ఇచ్చే విశ్రాంతి సంవత్సరము. ఈ హీబ్రూ పదానికి విడిచిపెట్టుట అని అర్థం. ఆ ఏడాది పొలాన్ని బీడుగా వదలాలి. విత్తరాదు, తీగలను కత్తిరించరాదు. తనంతట తాను పండినది ఎవరైనా తీసుకోవచ్చును, దానితో వ్యాపారం చేయకూడదు. ఏడాది చివర అప్పులు కూడా రద్దగును. నిర్గమకాండము, లేవీయకాండము, ద్వితీయోపదేశకాండములలో ఈ నియమాలు కలవు. ఏడవ యేట ఏమి తినాలన్న సందేహాన్ని లేవీయకాండమే లేవనెత్తి, ఆరవ యేడు మూడేళ్ళకు సరిపడా పండుతుందని అభయమిస్తుంది.

చరిత్ర

ఆచరణలో ఇది తేలిక కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సెల్యూకిడ్ సైన్యం బేత్సూరు కోటను ముట్టడించినపుడు, అది విశ్రాంతి సంవత్సరం కావడం వలన కోటలో తిండి చాలక యూదులు లొంగిపోయారని మక్కబీయుల మొదటి గ్రంథం తెలుపుతుంది. జూలియస్ సీజర్ ఈ ఏడాదికి కప్పం మినహాయించినట్లు చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసాడు. తరువాతి కాలంలో రోమన్ల పన్నుల భారం పెరగగా, రబ్బీ యన్నాయ్ ఏడవ యేట కూడా విత్తుకోమని ప్రజలకు చెప్పినట్లు తల్ముద్‌లో ఉన్నది.

అప్పుల రద్దు బీదల మేలు కొరకు ఏర్పడినదే. కాని గడువు దగ్గరపడే కొద్దీ ధనికులు అప్పివ్వడం మానివేయగా, నష్టపోయినది బీదలే. అందుచేత హిల్లేలు అనే పండితుడు ప్రొజ్‌బుల్ అనే పత్రాన్ని ప్రవేశపెట్టాడు. దీనిద్వారా బాకీని న్యాయస్థానానికి అప్పగించినచో అది రద్దు కాదు.

ఆధునిక కాలం

19వ శతాబ్దం చివర పాలస్తీనాలో యూదు రైతుల గ్రామాలు వెలసిన తరువాత సమస్య మళ్ళీ తలెత్తింది. ఏడాది సాగు మానితే కొత్త గ్రామాలు నిలవవని భయం. 1888-89 ష్మిటాకు ముందు రబ్బీ ఇజాక్ ఎల్హనాన్ స్పెక్టర్ మొదలైనవారు భూమిని యూదేతరునికి నామమాత్రంగా విక్రయించి సాగు కొనసాగించడానికి అనుమతించారు. దీనిని హెతెర్ మెఖిరా అందురు. జెరూసలేములోని కొందరు రబ్బీలు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. 1909-10లో రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్ ఈ అనుమతిని సమర్థించినా, అది అవసరం కొద్దీ చేసిన ఏర్పాటే తప్ప ఆదర్శం కాదని భావించాడు.

వివాదం నేటికీ తెగలేదు. ఈ విక్రయాన్ని అంగీకరించని హరేదీ యూదులు దిగుమతి చేసినవి, అరబ్బు రైతులు పండించినవి కొంటారు. అనుమతిని నమ్మి సాగుచేసిన యూదు రైతుకు ఆ మేరకు కొనేవారు తగ్గుతారు. 2007లో కొన్ని పట్టణాల రబ్బీలు అట్టి పంటకు ధ్రువపత్రం నిరాకరించగా ఇజ్రాయేలు సుప్రీంకోర్టు జోక్యం చేసుకొన్నది.

పూర్తిగా సాగు మానే రైతుకు నష్టం ఒక్క పంటతో పోదు. బ్యాంకు వాయిదాలు ఆగవు. సరుకు కొనే వర్తకుడు మరొకరి వద్దకు పోవచ్చును. చెట్లు చచ్చిపోకుండా నీరు పెట్టడం వంటి పనులకు మాత్రం అనుమతి కలదు. ఇట్టి రైతుల కొరకు విరాళాలు సేకరించే ధర్మనిధులు ఉన్నాయి. గత ష్మిటా 2021-22లో జరిగింది. తరువాతిది 2028 సెప్టెంబరులో మొదలగును.