పూటకూళ్ల యింటినుండి రాత్రి భోజనశాలకు

నగరములలో కొన్ని భోజనశాలలు రాత్రిపూట మాత్రమే తలుపులు తెఱచును. పగలంతయు మూసియుండి, దీపములు పెట్టు వేళకు వడ్డన మొదలిడును. అట్టి చోటికి పోదలచినవారు ముందుగా కబురు చేసి చోటు నిలుపుకొనవలెను. పోవుటకు బండి, మరలివచ్చుటకు దారి చూచుకొనవలెను. చేతిలోని సొమ్మును లెక్క చూచుకొనవలెను. ఇదియంతయు నేటి నాగరికత తెచ్చిన క్రొత్త ముచ్చట యని పలువురు తలంతురు. కాని మన భాషలోని ఒక పాతమాట వేఱుగా చెప్పుచున్నది. పూట యనగా దినములో ఒక భాగము. కూడు అనగా అన్నము. వెల పుచ్చుకొని ఒక పూట అన్నము పెట్టు ఇల్లు పూటకూళ్ల ఇల్లు. ఒక్క పూటకే వండి వడ్డించు పద్ధతికి తెలుగువారు ఏనాడో పేరు పెట్టిరన్నమాట.

ఆ ఇంటి చిత్రము మనకు క్రీడాభిరామమున కనబడును. వినుకొండ వల్లభరాయని పేర నున్న ఆ రూపకమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు మిత్రులు కరీంనగరమునకు సుమారు 70 కిలోమీటర్ల దూరముననున్న ఓరుగల్లు వీథులలో ఒక దినమంతయు తిరిగి వేడుకలు చూతురు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు దొరకు భోజనము అందు వర్ణితమైనది: కప్పురభోగి వంటకము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇల్లు తెలియును, వెల తెలియును, వంటకములు తెలియును. ముందుగా ఆలోచించుకొని బయలుదేరుటకు ఇంతకంటె ఏమి కావలెను? సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఈ గ్రంథము ముఖ్యాధారములలో ఒకటి యగుట ఇందుకే. రాజుల యుద్ధములు శాసనములలో దొరకును; సామాన్యుడు రూక యిచ్చి ఏమి తినెనో ఇట్టి కావ్యములలోనే దొరకును.

అయితే ఆ విస్తరి ముందు కూర్చుండ అర్హత ఎవరికి కలదు? శర్మకు కలదు, సెట్టికి కలదు. ఆ వీథులను ఊడ్చిన వానికి, ఆ గోధుమలను పండించిన వానికి కలదా యను ప్రశ్న కావ్యము అడుగలేదు. చరిత్ర చదువువారు అడుగక తప్పదు.

ఓరుగల్లు దాటి ఉత్తరమునకు పోవు బాటసారికి పూటకూళ్ల ఇల్లు అంత సులభముగా దొరకునది కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుభాషీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా నిర్మల, ఆదిలాబాదు దారిని ఉత్తరమునకు సాగెను. 1838లో అచ్చయిన అతని కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి అతడు చూచినది ఒక్కటే: ఇచట దిగుటకు చోటు కలదా, సరకులు దొరకునా, నీరు మంచిదా? అది విలాసము కొఱకు వేసిన లెక్క కాదు. పొద్దు గ్రుంకులోపల అన్నము వండుకొను చోటు చేరనిచో ఆ రాత్రి పస్తే. ఆ దారికి నేటి 44వ జాతీయ రహదారి వారసురాలు.

పల్లెలలో రాత్రిభోజనము వేళ వేఱు. దీపపు నూనె వెలగల వస్తువు గనుక సందెవేళకే పొయ్యి చల్లారెడిది. జొన్నరొట్టెయో, మక్కగట్కయో, పచ్చిపులుసుతో ఇంత అన్నమో తిని మంచములు వాల్చుకొనెడివారు. కరీంనగరము వైపు బియ్యపుపిండితో సర్వ లోపలి గోడకు ఒత్తి కాల్చు సర్వపిండి ఇంటి పొయ్యిమీద పుట్టినదే. దాని పేరే ఆ పాత్రను చెప్పుచున్నది. రాత్రిపూట ఇల్లు దాటి పోయి వెలయిచ్చి తినుటయన్నది పల్లెవాని ఊహలోని మాట కాదు. అట్లు పోవలెనన్నచో మూడు వసతులు కావలెను: దారి, వెలుగు, కూర్చుండుటకు చోటు. ఈ మూడును మన జిల్లాలకు వేఱు వేఱు కాలములందు, వేఱు వేఱు త్రోవలలో వచ్చినవి.

మొదట దారి. 1929లో కాజీపేట, బల్హార్షాల నడుమ రైలుమార్గము పూర్తియైనది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా దక్షిణము ఉత్తరముతో కలిసినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాశాఖను ఆరంభించిరి. రైలు ఆగుచోట టీ కొట్టు, బస్సు నిలుచుచోట హోటలు వెలసినవి. పూటకూళ్ల ఇంట తెలిసినవాడే తినెడివాడు. హోటలులో ఎవడో తెలియని వాడు కూడ కూర్చుండి గంటలోపల లేచిపోవును. ఊరికి క్రొత్తవాడు భయము లేక అన్నమడుగగల చోటు ఏర్పడుట చిన్న మార్పు కాదు.

పిమ్మట వెలుగు. దానిని ఈ నేలయే ఇచ్చినది. సింగరేణి సంస్థ 1920ల చివర బెల్లంపల్లిలో, 1960ల ఆరంభమున రామగుండము ప్రాంతమున గనులు తెఱచెను. 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు వలన కొత్తపేట కాగజ్‌నగర్ అయినది. రామగుండమున జాతీయ తాపవిద్యుత్ సంస్థవారి మొదటి యూనిట్ 1983లో విద్యుత్తు నిచ్చెను. దూరపు నగరములలో భోజనశాలల దీపములు వెలుగుటకు ఈ బొగ్గు మండుచుండెను. కాని గనిలో దిగువానికి సాయంకాలము ఒకే విధముగా రాదు. ఒక వారము ఉదయపు షిఫ్టు, మఱియొక వారము రాత్రి షిఫ్టు. ఇతరులు విందునకు బయలుదేరు వేళకు అతడు దీపము, టోపీ తీసికొని పనిలోనికి పోవును. అతనికి అన్నము దొరకు చోటు క్యాంటీను. 250 మందికి మించి కార్మికులున్న చోట క్యాంటీను నెలకొల్పవలెనని నిర్దేశించు అధికారమును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రభుత్వమునకు ఇచ్చెను. 1952 నాటి గనుల చట్టము గనులకును అట్టి ఏర్పాటు చేసెను. వేళ తప్పిన అన్నము అప్పటినుండి దయ కాక హక్కు అయినది.

మూడవది చోటు. అన్నిటికంటె ఆలస్యముగా వచ్చినది ఇదియే. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున ఉపాహారశాలలను, హోటళ్లను పేరుపెట్టి చెప్పి, కులమత భేదముల చేత ఎవరికిని అచ్చట ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. దేశపు మూలశాసనము హోటలు గడపను గూర్చి మాటాడుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఆ గడప వద్దనే కోట్లమందికి అవమానము జరుగుచుండెను. 1955లో అంటరానితనపు నేరముల చట్టము శిక్షను చేర్చెను. అయినను దశాబ్దముల తరువాత కూడ పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. ఒకరికి లోపల బల్ల, మఱియొకరికి బయట నేల; ఒకరి గ్లాసు కొట్టువాడు కడుగును, మఱియొకరు తమ గ్లాసు తామే కడుగుకొనవలెను. స్త్రీలకును హోటలు చాలకాలము పరాయిదే. కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ పదిమందికి వండి బ్రతికిన స్త్రీ. పదిమందిలో కూర్చుండి తిన్న స్త్రీ కాదు. తరువాతి కాలపు హోటళ్లలో కుటుంబములకని తెరలు కట్టిన గదులు ఏర్పడినవి. ఆ తెరలు తొలగుటకు మఱియొక తరము పట్టినది.

వీనికి తోడు మఱియొకటి గలదు. అది ఉన్నప్పుడు ఎవరును దానిని లెక్కింపరు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనులపై కాల్పులు జరిగినవి. ఆ దినములలో ఈ జిల్లాల పల్లెలలో పొద్దు గ్రుంకిన పిమ్మట బయటికి పోవువాడు భోజనమును గూర్చి కాదు, ఇల్లు చేరుటను గూర్చి ఆలోచించెడివాడు. దారి యున్నను, దీప మున్నను, రాత్రి ప్రశాంతము కానిచో విందు లేదు.

నేడు పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11 తరువాత పలు జిల్లాలైనవి. కరీంనగరమునను, మంచిర్యాలలోను రాత్రి విందునకు హైదరాబాదు దాక పోనక్కరలేదు. పోదలచినచో కరీంనగరమునుండి సుమారు 165 కిలోమీటర్లు, ఆదిలాబాదునుండి సుమారు 300 కిలోమీటర్లు. రాత్రికే తిరుగుప్రయాణము పెట్టుకొనుట కంటె బస చూచుకొనుట మేలు. ఎంతమంది వత్తురో ముందుగా చెప్పుడు. పూటకూళ్ల ఇంటికి పంపు కబురువలె అది వంటవానికి ఉపకారము. వెల ముందే అడుగుడు. రూకనాటి మర్యాద అది. ఇంటిలో దినమును పొయ్యి ముందు నిలుచు తల్లినో, ఇల్లాలినో వెంటబెట్టుకొని పొండు; ఆమెకు ఆ పూట సెలవు. వడ్డించువానిని కూడ ఒక మంచిమాటతో పలుకరింపుడు. అతని రాత్రిభోజనము మన భోజనము ముగిసిన తరువాతనే.

ఎవరు వచ్చినను ఒకే బల్ల, ఒకే గ్లాసు అను మాట భోజనశాల పలకమీద వ్రాయబడదు. కాని అచ్చట లభించు వస్తువులన్నిటిలో తెలుగునేలకు మిక్కిలి ప్రియముగా, మిక్కిలి ఆలస్యముగా దొరకినది అదియే. ఏ ఊరి టీ కొట్టులోనైనను అది నేటికిని దొరకనిచో, ఆ ఊరికి పూటకూళ్ల కాలము ఇంకను గడవలేదనుకొనవలెను.