అద్దానికి కళాయి

శనిమహాత్ముడి గుడి ఉన్న ఊరు మా పావగడ. దోషం పోగొట్టుకోవాలని బస్సుల్లో వచ్చే జనం గుడిలో దర్శించుకొనే శనిని నేను మిద్దెమీద నుంచి చూస్తుంటాను. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకొనేవాడికి ఈ పిచ్చి ఎట్లా అంటుకుందో చెప్పాలంటే పెద్ద కథ. పక్కకు జరిగే పైకప్పుతో ఒక రేకుల గది, అందులో ఆరంగుళాల అద్దమున్న దూరదర్శిని, ఇదే నా వేధశాల. ఆ మాట వినగానే మా అమ్మ, "ఉండే బాధలు చాలవా, వేదనశాల ఒకటా నాయనా?" అంది.

1675లో క్యాసినీ అనే ఆయన శని వలయంలో ఒక నల్లని సందును కనిపెట్టాడు. 2019 జులైలో అది నాకు కనిపించడం మానేసింది. గొట్టం అడుగున అద్దం విప్పితే మా ఊరి దుమ్మూ, తెల్లవారుజాము మంచూ కలిసి మసకపొర కట్టింది. తొందరపడి పాత పంచె చెంగుతో తుడిచాను. తప్పు నాదే. దుమ్ములోని ఇసుక గీతలు పెట్టింది. "కళాయి పోయిన గిన్నె మాదిరుందప్పా" అంది అమ్మ. అద్దాల చరిత్ర చదివితే ఆ మాట ఎంత సరైనదో తెలిసింది.

విలియం హెర్షెల్ వృత్తికి సంగీతకారుడు. ఇంగ్లండులోని బాత్‌లో తన ఇంటి పెరట్లో నుంచే 1781 మార్చి 13న యురేనస్‌ను కనిపెట్టాడు. అప్పట్లో దూరదర్శిని అద్దమంటే గాజు కాదు, రాగీ తగరమూ కలిపి పోతపోసిన లోహం. చెమ్మకు మాసిపోయేది. మళ్లీ మెరుగు పెడితే వంపు చెడేది. అందుచేత ప్రతి మరమ్మతూ కొత్త అద్దం చేసినంత పని. ఒకసారి 16 గంటలు అద్దం మీది నుంచి చేయి తీయలేదట, చెల్లెలు కరోలిన్ నోట్లో ముద్దలు పెట్టింది. 1789లో ముగించిన ఆయన 40 అడుగుల దూరదర్శినికి రెండు అద్దాలుండేవి. నాకున్నది ఒక్కటే.

1850ల్లో స్టైన్‌హైల్, ఫూకోలు గాజు అద్దానికి వెండిపూత వేశారు. వంపు గాజుది, మెరుపు వెండిది. మాసితే పూత కడిగి మళ్లీ వేయొచ్చు, అచ్చం మన కళాయి మాదిరే. 1930ల్లో జాన్ స్ట్రాంగ్ గాలి తీసేసిన పాత్రలో అల్యూమినియంను ఆవిరిచేసి పట్టించాడు. అది వెండిలా నల్లబడదు.

మా తాలూకాలో బడి చదువు కన్నడం, ఇంటి మాట తెలుగు. అందుకే ఈ చరిత్రలో తెలుగు పేర్లు ఎదురైతే చుట్టాలు కనిపించినట్లుంటుంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు, మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర నేర్చుకొని, 1840లో సొంత వేధశాల పెట్టుకున్నారు. 1856లో ఆయన పోతే అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు చేపట్టారు. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవడాన్నీ గమనించారు. కటకాల దూరదర్శినికి కళాయి బాధ లేదు. కానీ సముద్రపు గాలిలో ఇత్తడి మరలకు చిలుము, కటకాలకు బూజు పట్టకుండా చూసుకొనే చేయి ఇంట్లో ఉండాలి. అక్కడ అల్లుడి చేయి దొరికింది. నా తర్వాత ఎవరో నాకు తెలియదు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని బేగంపేటకు మార్చింది. అయితే ఆ పెద్ద యంత్రం అక్కడ నెలకొన్నది 1922లో! బ్యాంకు వాడిగా నాకది పద్నాలుగేళ్లు వడ్డీ రాని డిపాజిట్‌లాగా కనిపిస్తుంది.

నా అద్దాన్ని బెంగళూరులో ఒకచోటికి పంపాను. పాత పూత సరిగా కడగలేదో ఏమో, మొదటిసారి అంచుల్లో పెచ్చులూడింది. రెండోసారి నిలిచింది. పూత మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. లెక్కవేస్తే నా అద్దానికి పట్టిన అల్యూమినియం ఐదు మిల్లీగ్రాములు. పాత పది పైసల అల్యూమినియం బిళ్ల ఒక్కటి ఇట్లాంటి నాలుగువందల అద్దాలకు సరిపోతుంది. నాకైన ఖర్చు మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అక్టోబరులో అద్దం వచ్చింది. వెనక మూడు మరలు తిప్పుతూ దాన్ని తిన్నగా నిలపడానికి రెండు రాత్రులు పట్టింది. మూడోరాత్రి శని పడమటికి వాలుతుండగా నల్లని సందు కనిపించింది. అమ్మను మెల్లగా మిద్దె ఎక్కించాను. చాలాసేపు చూసి, "గుళ్లో సామికి ఈ ఉంగరం లేదే!" అంది.