సూదిమొన కింద సున్న: కుట్టుకార్డుల కథ

ఈ వారం చరిత్ర ప్రసంగంలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక అట్టముక్క, ఒక సూది, రెండు బారల రంగుదారం, అంతే సరంజామా. అట్టమీద వరసగా కంతలు పొడిచి, వాటిలోంచి దారం లాగి బొమ్మ కుట్టడం మీలో చాలామంది చిన్నప్పుడు బళ్ళో చేసే ఉంటారు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, దానితో రంగూన్‌లో ఉన్న మన పిల్లలకి ఏం పనో చెబుతాను.

రంగూన్‌లో సూలే పగోడాకి పడమటివైపు పేట పబేడాన్. బర్మా భాషలో 'పన్‌బె' అంటే కమ్మరం, 'తన్' అంటే వరస. మన మాటల్లో కమ్మరివీధి అన్నమాట. 1926లో స్కాట్ మార్కెట్టుగా కట్టిన, స్వాతంత్ర్యం తర్వాత బోజో ఆంగ్ సాన్ పేరు పెట్టిన పెద్ద బజారు ఈ పేటలోనిదే. బర్మావాళ్ళు లెక్కపెట్టే పది సంప్రదాయ కళల్లో కమ్మరం, పోతపని, లక్కపని ఉన్నాయిగానీ కుట్టుపని లేదు. అయినా దారంతో అక్షరం దిద్దడం అక్కడ కొత్తేమీ కాదు. తాటాకు గ్రంథాలు చుట్టి కట్టడానికి 'సాజీజో' అనే సన్నని నూలు పట్టీలు నేసేవాళ్ళు. నాలుగు మూలలా కంతలున్న చిన్న పలకల్లోంచి దారాలు పోనిచ్చి, పలకలు తిప్పుతూ, దాత పేరూ ప్రార్థనా అక్షరాలుగా పట్టీలోనే నేసేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ విద్య దాదాపు అడుగంటింది.

ఇక కార్డుల సంగతి. 1840లో జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన తన పిల్లలబడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన పిల్లలకి ఇచ్చిన చేతిపనుల్లో పొడవడం, కుట్టడం రెండూ ఉన్నాయి. గళ్ళకాగితాన్ని మెత్తటి గుడ్డ మీద పరిచి సూదితో చుక్కలు పొడవాలి, తర్వాత దారంతో ఆ చుక్కల్ని కలపాలి. (మన ముగ్గుకి దగ్గర చుట్టమే.) ఈ బళ్ళలో ఏం ప్రమాదం కనిపించిందోగానీ ప్రష్యా ప్రభుత్వం 1851లో వాటిని నిషేధించింది. 1860లోగానీ ఎత్తెయ్యలేదు. ఈలోగా ఫ్రోబెల్ పోయాడు, ఆయన పద్ధతి మాత్రం ఇంగ్లండుకీ అమెరికాకీ చేరింది.

ఇంగ్లండులో ఈ కార్డుని ఇంకో మెట్టు ఎక్కించిన మనిషి మేరీ ఎవరెస్ట్ బూల్. ఈ ఎవరెస్ట్ ఆ ఎవరెస్టే. శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ తమ్ముడి కూతురో అన్న కూతురో, ఏమైతేనేం, ఆయన మేరీకి తండ్రి తోడబుట్టినవాడు. ఆ దొర కృష్ణా గోదావరుల నడుమ మన అడవుల్లో సర్వే చేస్తూ విషజ్వరాల పాలై, ఒళ్ళు బాగుచేసుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రానికి పోవలసి వచ్చింది. మేరీ భర్త జార్జ్ బూల్ పేరు కంప్యూటరు చదివిన మన పిల్లలందరికీ తెలుసు. 1901లో ఆవిడ భారతీయ చింతనకీ పాశ్చాత్య విజ్ఞానానికీ ముడిపెడుతూ ఒక వ్యాసం రాసింది. అందులో అభిమానం పాలు కాస్త ఎక్కువే అని నాకనిపిస్తుంది. 1904లో పిల్లల్ని విజ్ఞానశాస్త్రానికి సిద్ధం చెయ్యడం గురించి రాసిన పుస్తకంలో మాత్రం కార్డు మీద వంపులు కుట్టే విద్య ఉంది. కోణంలో కలిసే రెండు గీతల మీద సమదూరంలో పదేసి కంతలు. ఒక గీత ఒకటో కంతనుంచి రెండోదాని పదో కంతకి, రెండోనుంచి తొమ్మిదికి, అలా లాక్కుంటూ పోవడమే. ప్రతి దారమూ తిన్ననే. చివరికి కంటికి కనబడేది వంపు!

తిన్నని దారంతో వంపు కుట్టవచ్చన్న మాట దగ్గరే నాకు మన అక్షరం గుర్తొచ్చింది. తెలుగూ గుండ్రమే, బర్మా లిపీ గుండ్రమే. రెండూ బ్రాహ్మి సంతానమే. బర్మా 'వ' అచ్చంగా మన సున్న. బర్మా 'గ' మీద తలకట్టు పెడితే మన 'గ' అవుతుంది.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో నాలుగు లక్షలమంది ఉంటే సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. 1930 రేవు అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళు పోగా, 1942లో జపాను బాంబులకి నడిచి వెళ్ళినవాళ్ళు వెళ్ళగా, 1964 నుంచి ఓడలెక్కినవాళ్ళు ఎక్కగా (విశాఖలో బర్మా క్యాంపు అలా పుట్టిందే) మిగిలిన కుటుంబాలవి. 1965 నుంచి ప్రైవేటు బళ్ళు జాతీయమయ్యాయి. ఇంట్లో తెలుగు మాట ఉండి, చదవడం రానివాళ్ళు పెరిగారు. ఆ ఇళ్ళ పిల్లలకి బర్మా అక్షరాలు కొట్టిన పిండి. అందుకే వాళ్ళకి వచ్చిన అక్షరం మీదుగా మనది ఎక్కించాలని నా పట్టు.

అచ్చు తయారుచెయ్యడం ఇలా. మూడు సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, పది డిగ్రీలకొకటి చొప్పున 36 కంతలు గుర్తుపెట్టండి. కంతకీ కంతకీ అయిదు మిల్లీమీటర్ల చిల్లర ఎడం వస్తుంది. అంతకన్నా దగ్గరైతే కాగితం తపాలాబిళ్ళలా చిరుగుతుంది. షాన్ ప్రాంతంలో మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసే కాగితానికి పీచు పొడుగు, కాస్త ఓర్చుకుంటుంది. మామూలు అట్టకి అంత ఓపిక లేదు. అచ్చుని కార్డుకి అంటించి, కింద పాత మౌస్‌ప్యాడ్ పెట్టి, సూది నిలువుగా పొడవండి. ఇప్పుడు ప్రతి కంతనీ దాని తర్వాత పన్నెండో కంతతో కలపండి. పన్నెండు త్రిభుజాలు పడతాయి, కంతకి రెండేసి దారాలే. మధ్యలో ఎవరూ గియ్యని రెండో సున్న, సరిగ్గా సగం కొలతతో తేలుతుంది. ఆ ఖాళీలో ఒక చుక్క కుట్టిస్తే 'ఠ' పోలిక వస్తుంది, తలకట్టు లేకపోయినా పిల్లలు పట్టేస్తారు.

'గ' దగ్గర తలకట్టుకి కంతలు విడిగా, వేరే రంగు దారంతో ఉంచండి. అది తీస్తే బర్మా, వేస్తే తెలుగు. కార్డు వెనకవైపు దారాల చిక్కు కనబడకుండా ఇంకో కాగితం అంటించి, అక్కడ అమ్మమ్మకో తాతయ్యకో రెండు ముక్కలు రాయించండి.