రోమన్ల పట్టకారు, మన కాటుక పుల్ల: చిన్న వస్తువులు చెప్పే చరిత్ర

రోమన్ల కాలం నాటి ఊళ్లలో నాణేలు, కుండపెంకులతో పాటు తరచుగా బయటపడేవి ఒంటి శుభ్రతకు వాడిన చిన్న పనిముట్లు. వెంట్రుకలు పీకే పట్టకారు, చెవిలో గులిమి తీసే చిన్న గరిటె, గోళ్ల సందుల్లో మట్టి తీసే చీలిక మొన పుల్ల వీటిలో ముఖ్యమైనవి. ఈ మూడింటినీ ఒకే రింగుకు గుచ్చి వెంట ఉంచుకునేవారు. ఎక్కువగా కంచుతో చేసేవారు.

స్నానశాలలో వాడేది స్ట్రిజిల్. ఒంటికి నూనె పట్టించి, చెమట, మట్టి కలిసిన ఆ జిడ్డును వంపు తిరిగిన ఈ లోహపు పనిముట్టుతో గీకేసేవారు. తలంటు రోజు మన ఇళ్లలో సున్నిపిండి చేసే పని అక్కడ ఇది చేసేది.

ఇంగ్లండ్‌లోని రాక్సెటర్‌లో ఉన్న రోమన్ నగర శిథిలాల్లో యాభైకి పైగా పట్టకార్లు దొరికాయి. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2023లో అక్కడి మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టింది. చంక వెంట్రుకలు పీకించుకోవడం ఆనాడు స్త్రీపురుషులిద్దరికీ అలవాటే. తరచుగా ఆ పని బానిసలు చేసేవారు. స్నానశాల పైన నివసించిన తత్వవేత్త సెనెకా, వెంట్రుకలు పీకేవాడి కేకల గురించి, పీకించుకునేవారి అరుపుల గురించి ఒక లేఖలో రాశాడు.

పొలంలో దొరికితే ఎవరికి చెప్పాలి?

ఇలాంటివన్నీ తవ్వకాల్లోనే దొరకవు. ఇంగ్లండ్, వేల్స్‌లలో మెటల్ డిటెక్టర్లతో పొలాల్లో వెతికే సామాన్యులకు కూడా దొరుకుతుంటాయి. వాటిని స్వచ్ఛందంగా నమోదు చేయించే పథకం 1997లో మొదలైంది. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు అందులోకి చేరాయి. వాటి ధర కన్నా ఎక్కడ దొరికాయన్న సమాచారమే విలువైనది. గోళ్లు శుభ్రం చేసే పుల్లలు బ్రిటన్‌లో విరివిగా, ఐరోపా ఖండంలో అరుదుగా ఉన్నాయని పరిశోధకులు తేల్చగలిగింది అలాంటి సమాచారం వల్లే. రోమన్ పాలన కింద కూడా స్థానికులు తమ అలవాట్లు నిలుపుకున్నారనడానికి అదొక ఆధారం.

తెలుగు నేలపై

రోమ్‌తో వర్తకం సాగిన శాతవాహన, ఇక్ష్వాకు కాలాల స్థలాల్లో రాగి కాటుక పుల్లలు, దంతపు వస్తువులు దొరికాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అంతమాత్రాన కాటుక పుల్లలు రోమ్ నుంచి వచ్చాయనుకోకూడదు. చెవి గరిటె, పట్టకారు, సూది కలిపిన రాగి సెట్టు రోమ్ పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే హరప్పాలో ఉంది.

అలంకరణ వస్తువులు ఇటు నుంచి అటూ వెళ్లాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేయిలో 1938లో ఒక భారతీయ దంతపు బొమ్మ దొరికింది. నగలు ధరించిన స్త్రీ, ఆమెకు ఇరువైపులా అలంకరణ సామగ్రి పట్టుకున్న చెలికత్తెలు ఉన్న ఆ బొమ్మ అద్దానికి పిడి కావచ్చని కొందరి అభిప్రాయం. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్, తేర్ పట్టణాల్లో దొరికిన బొమ్మలు దాన్ని పోలి ఉంటాయి.

మన దేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. బంగారు నాణెం దొరికితే ఊరంతా తెలుస్తుంది. చిలుము పట్టిన రాగి పుల్ల పాత సామాన్ల బండికి చేరుతుంది. దాన్ని తోమకుండా, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని, రెవెన్యూ అధికారులకో పురావస్తు శాఖకో చెప్పడం మంచిది. ఆ చోటు తెలియకపోతే అది వట్టి రాగి ముక్కే.