గోడ ముందా, గుడి ముందా?

పాత చర్చిని ఫోటో తీసేటప్పుడు గోడా గేటూ ఫ్రేములో పడకుండా చూసుకుంటాం. కానీ ఆ చర్చి ఎవరి కోసం కట్టారో తెలిసేది గేటు దగ్గరే.

సికింద్రాబాద్‌నే తీసుకోండి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లీషు పటాలాలు దిగాయి. 1806లో వాటి విడిదికి మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. సెయింట్ జాన్స్ చర్చి 1813లో వెలిసింది ఆ దండు కోసమే. జనం నోట్లో ఈ ఊరు ఇప్పటికీ లష్కర్, అంటే సైన్యం. ఇక్కడి బోనాలు కూడా లష్కర్ బోనాలే. ముందు దండు, తర్వాత గుడి, దాని చుట్టూ ఆవరణ.

ఆ ఇంగ్లీషువాళ్ల పొరుగునే ఉన్న వేల్స్ పల్లెల్లో వరస తిరగబడింది. వెల్ష్ భాషలో ‘లాన్’ అంటే మొదట్లో చుట్టూ హద్దు కట్టిన స్థలం. చర్చి అనే అర్థం తర్వాత వచ్చింది. లాన్‌గోలెన్ లాంటి ఊళ్ల పేర్లలో ఉన్నది ఆ హద్దే. చాలాచోట్ల గోడ గుండ్రంగా తిరుగుతుంది, లోపల సమాధులు, ముసలి యూ చెట్లు.

కొన్నిచోట్ల గేటుకి మండపంలా పైకప్పు ఉంటుంది. దాన్ని లిచ్‌గేటు అంటారు. పాత ఇంగ్లీషులో లిచ్ అంటే శవం. మోసుకొచ్చినవాళ్లు అక్కడ దించి పాదిరి కోసం ఆగేవాళ్లు. పాదిరి శవానికి ఎదురెళ్లాల్సింది ఆవరణ ద్వారం దగ్గరేనని 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమే చెప్పింది.

మనకీ దింపుడు కళ్లం ఉంది కదా! శ్మశానం చేరేలోపు పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు, లేస్తారేమోనని. మనది ఆఖరి ఆశ, వాళ్లది అప్పగింత. వాళ్లది కట్టడంగా నిలిచింది, మనది సామెతలో బతికింది.

వేల్స్‌లో చాలా చర్చిల గేట్లూ గోడలూ చర్చితో కలపకుండా విడిగా వారసత్వ జాబితాలో ఉన్నాయి. మనమేమో రోడ్డు వెడల్పు చేస్తామంటే ‘గోడే కదా, జరిపితే పోలా’ అనేస్తాం. 1813లో సెయింట్ జాన్స్ ఆవరణ దొరల దండుది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, ఇప్పుడు ఆ గేటు దాటి ప్రార్థనకి వెళ్లేది మనవాళ్లే. ఎప్పుడు ఎవరు లోపల, ఎవరు బయట అన్నది శిఖరం చెప్పదు, హద్దు చెబుతుంది. హద్దు చెరిపేస్తే చర్చి మిగలొచ్చు, ఆ సంగతి అడగాలని మాత్రం ఎవరికీ తోచదు.