దర్గాకొండ: నావికుల మ్రొక్కు

విశాఖపట్టణపు రేవుముఖమున, డాల్ఫిన్స్ నోస్ అను కొండకు ఆవలిగట్టున మూడు గుట్టలు కలవు. ఒకదానిపై మేరీమాత మందిరము, మరొకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఇంకొకదానిపై ఇస్‌హాక్ మదీనా అను ముసల్మాను సిద్ధుని సమాధి యున్నవి. ఈ కడపటిదానినే జనులు దర్గాకొండ యందురు.

బంగాళాఖాతపు గాలివానలు ఆ సిద్ధుని యాజ్ఞకు లోబడునని పూర్వనావికుల విశ్వాసము. రేవులోనికి వచ్చునపుడును, విడిచి పోవునపుడును ఓడలు జెండాను ముమ్మారు ఎత్తి దించి ఆయనకు వందనము చేయు ఆచారమును 1907లో వెలువడిన జిల్లా గెజెటీరు పేర్కొన్నది. క్షేమముగా తిరిగివచ్చిన హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న పడవలు చేయించి సమాధికి సమర్పించుచుండిరి.

ఈ మ్రొక్కుల వెనుకనున్న భయమును మనము గ్రహింపవలెను. 1933లో లోపలి రేవు తెరవబడువఱకు పెద్ద ఓడలు బయటి సముద్రముననే లంగరు వేయుచుండెను. తెరచాపల కాలమున గాలియే దిక్కు. ఆ గాలియే మృత్యువు.

జిల్లాను గూర్చిన పాత ఆంగ్ల రచనలలో ఒక వ్యాజ్యము కథ కలదు. ఓడ కోమటిది; నడపినవాడు ముసల్మాను. అరకాను తీరమున తుపాను పట్టగా ఇతడు దర్గాకు రూపాయల మూట మ్రొక్కుకొనెను. తిరిగివచ్చి, మ్రొక్కు చెల్లించితినని ఆ పైకమును యజమాని లెక్కలో వ్రాసెను. యజమాని న్యాయస్థానమున కెక్కెను. అన్యమతస్థుని సమాధికి నా ధనమేల యని అతడనలేదు. తుపానులో మ్రొక్కుట యుక్తమే. కాని మ్రొక్కు చెల్లింపలేదన్నదే అతని వాదము!

మ్రొక్కులను సమర్థించుటకు మేమీ కథ చెప్పుట లేదు. తుపాను రాకను నేడు వాతావరణశాఖ ముందుగనే తెలుపుచున్నది. దాని మాట వినక మ్రొక్కునే నమ్మి సముద్రముమీదికి పోవుట అవివేకము. అయినను ఆ వాదిప్రతివాదులను చూచి మనము నేర్వవలసిన దొకటి కలదు. వారు రూపాయలకై కలహించిరి గాని దేవునికై కలహింపలేదు. ఒక్క ఓడలో ధనమును ప్రాణమును కలిపి పెట్టినవారికి, ఆపదలో ఎవరి దైవమని యడుగుటకు తీరిక యెక్కడిది?

మన పిల్లలను ఆ గుట్టలకు గొనిపోయి, ఇది హిందువులది, ఇది క్రైస్తవులది, ఇది ముసల్మానులది యని వ్రేలుపెట్టి చూపుచున్నాము. మూటికిని నడుమ వేర్వేరు దారులున్నవి, నిజమే. కాని ఇంటికి తిరిగివచ్చు నావికునికి కడలినుండి కనబడిన గట్టు మాత్రము ఒక్కటే. ఆ మాటయు పిల్లలకు చెప్పుదము.