యుద్ధకాలంలో ఆగని ఆట: రహీం సార్, ఉస్మానియా కుర్రాళ్లు, హైదరాబాద్ ఫుట్‌బాల్

గురజాల వైపు యుద్ధం అనగానే ఎవరికైనా ముందు పల్నాటి యుద్ధమే గుర్తుకొస్తుంది. నలగామరాజు ఏలిన ఈ గడ్డ మీద కోడిపందెంతో తగవు ముదిరి, కారంపూడి రణరంగం దాకా పోయింది. అంటే ఇక్కడ ఆటలోంచి యుద్ధం వచ్చింది. కృష్ణ దాటి అప్పటి నైజాం వైపు వెళ్తే దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఒక ఆట గట్టిగా వేళ్లూనుకుంది. అదే ఫుట్‌బాల్.

2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలుసు. ఆ సినిమా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌తో మొదలవుతుంది. అసలు పునాది పడింది మాత్రం అంతకు ముందే.

కాలేజీ మైదానం నుంచి

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 1918లో ఏర్పడి, ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ జట్టుకే ఆడారు. తర్వాత 'ఎలెవెన్ హంటర్స్' జట్టులో ఆడారు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసిన జట్టు అది. చదువు అయిపోగానే ఆట వదిలేయకుండా, సీనియర్లు కుర్రాళ్లతో కలిసి ఆడేవారన్నమాట.

ఉద్యోగం మాత్రం బడిపంతులుదే. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు.

యుద్ధం వచ్చాక

1939లో యుద్ధం మొదలవగానే ఇంగ్లండ్‌లో లీగ్ పోటీలు ఆపేశారు. అవి మళ్లీ మొదలైంది 1946లోనే. మన దేశంలో 1888 నుంచి నడుస్తున్న డ్యూరాండ్ కప్ 1940లో ఢిల్లీలో జరిగింది. కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆ ఏడాది ఫైనల్లో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ పౌర జట్టు అదే. ఆ తర్వాత 1949 దాకా డ్యూరాండ్ జరగలేదు.

అలాగని దక్షిణాదిలో బంతి ఆగిపోలేదు. సికింద్రాబాద్, బెంగళూరు కంటోన్మెంట్లలో తెల్ల సైనికుల జట్లుండేవి. బాగా ఆడే ప్రత్యర్థి దగ్గర్లోనే ఉంటే, నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్ జరిగింది. ఒకవైపు హైదరాబాద్ సిటీ పోలీస్, రెండోవైపు రాయల్ ఎయిర్‌ఫోర్స్. గెలిచింది మన పోలీసులే. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. నిజాం ఇచ్చిన విరాళాల వల్ల అదే ఎయిర్‌ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు ఉండేవి. 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో కూడా పోరాడింది. ఆకాశంలో పాలకుడు వాళ్ల పక్షం. మైదానంలో మాత్రం ఆయన పోలీసులే వాళ్లను ఓడించారు!

రహీం సార్ పద్ధతి

యుద్ధకాలంలోనే రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ఆ కాలంలో ఆయన పెట్టిన పోటీలు మామూలువి కావు.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ కూర్చోకుండా వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. పొట్టిగా ఉన్న పిల్లల కోసం ఎత్తు పరిమితి పెట్టి వేరే పోటీలు నడిపారు. పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా వాళ్లకీ ఆడే వంతు దొరికేది. వీటికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక బంతి, ఒక ఖాళీ జాగా, నేర్పాలనే తపన ఉన్న ఒక సారు చాలు.

పంట చేతికొచ్చింది

1950లో రహీం సిటీ పోలీస్ కోచ్ అయ్యారు. యుద్ధంతో ఆగిపోయిన డ్యూరాండ్ కప్ ఆ ఏడాదే మళ్లీ మొదలైంది. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు పట్టుకొచ్చింది హైదరాబాద్ జట్టే. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లున్నారు. ఏ మతంవాడు, ఇంట్లో ఏ భాష అన్నది బంతికి పట్టదు కదా. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పరిస్థితులు బాగుపడ్డాక ఆడుకుందాంలే అని ఆ సారు, ఆ కుర్రాళ్లు అనుకుని ఉంటే 1950ల జట్టు ఉండేదే కాదు. ఈ రోజు గురజాలలోనో మాచర్లలోనో కాలేజీ గ్రౌండులో సాయంత్రం పది మంది పిల్లలు పోగయితే, ఏ పీఈటీ సారైనా రహీం పోటీ ఒకటి పెట్టి చూడొచ్చు. ఎడమకాలితో ఆడండిరా అని చెప్పడానికి పైసా ఖర్చు లేదు.